నేపాలీలందరూ గూర్ఖాలేనా? మీ వాచ్‌మన్ "కాదు" అన్నమాట నిజమే

మీరు అడిగింది ఇది: మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం నేపాల్ నుంచి వచ్చింది. అందరూ ఆయన్ని గూర్ఖా అనో బహదూర్ అనో పిలుస్తున్నారు. ఆయనేమో "నేను గూర్ఖాని కాదు, మాది అఛామ్" అన్నాడు. ముక్కూమొహం చూస్తే ఉత్తరాది మనిషిలాగే ఉన్నాడు. మరి నేపాలీలంటే ఎవరు, దసరాకి నెలరోజుల సెలవు ఎందుకు అడుగుతారు, పిల్లల కాగితాల్లో పుట్టిన సంవత్సరం 2070 అని ఎలా ఉంటుంది, వాళ్ళ తిండి ఏమిటి అని మీ సందేహం. ముక్తినాథ్ యాత్ర ఆలోచన కూడా ఉందన్నారు.

సూటిగా చెప్తాను. గోర్ఖా ఒక ఊరు, ఒక జిల్లా. గూర్ఖా అంటే ఆ పేరుతో పరదేశపు సైన్యాల్లో చేరిన సిపాయి. నేపాలీ అంటే ఆ దేశపు పౌరుడు. మీ వాచ్‌మన్ మూడోవాడు, మొదటి రెండూ కాదు. అఛామ్ అనేది నేపాల్ పడమటి కొసన ఉన్న జిల్లా, గోర్ఖా జిల్లాకి ఎన్నో వందల కిలోమీటర్ల దూరం. శ్రీకాకుళం మనిషిని పట్టుకుని రాయలసీమ వాడంటే ఎలా ఉంటుందో అలాంటిది.

పేరు ఎలా అంటుకుందో తెలిస్తే మిగతాది సులువు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యదాకా నేపాల్ అంటే కాఠ్మాండూ లోయ ఒక్కటే. చుట్టూ కొండల్లో చిన్నచిన్న రాజ్యాలు డజన్లకొద్దీ ఉండేవి. వాటిలో ఒకటి గోర్ఖా. ఆ పేరు గోరఖ్‌నాథుడనే యోగి నుంచి వచ్చిందంటారు, గోర్ఖా కోటలో ఇప్పటికీ ఆయన గుహ ఉంది. 1743లో గద్దెనెక్కిన పృథ్వీనారాయణ్ షా మరుసటేడు నువాకోట్ పట్టుకుని, 1768-69 కల్లా లోయలోని కాఠ్మాండూ, పాటన్, భక్తపూర్ రాజ్యాలు మూడింటినీ గెలిచాడు. ఆ తర్వాత అతని వారసులు గెలిచిన మొత్తం రాజ్యానికి లోయ పేరు పెట్టారు. మొన్నమొన్నటిదాకా కొండ పల్లెల పెద్దవాళ్ళు కాఠ్మాండూ బయల్దేరుతూ "నేపాల్ వెళ్తున్నా" అనేవాళ్ళు. భాషదీ అదే కథ. పడమటి కొండల్లో జుమ్లా దగ్గరి సింజా లోయలో పుట్టిన ఆ మాటని మొదట ఖస్ కురా అన్నారు, గోర్ఖా రాజులు దాన్ని వాడారు కాబట్టి గోర్ఖాలీ అయింది, నేపాలీ అన్న పేరు అధికారికంగా స్థిరపడింది 1930ల్లో.

1814-16లో ఈస్టిండియా కంపెనీకీ నేపాల్‌కీ యుద్ధం జరిగింది. నేపాల్ ఓడి సుగౌలీ సంధి కింద మూడోవంతు నేల వదులుకుంది. కానీ కొండల్లో వాళ్ళు పోరాడిన తీరు చూసిన కంపెనీ, యుద్ధం పూర్తిగా ముగియకముందే 1815లో వాళ్ళతోనే పటాలాలు కట్టింది. అందరినీ తీసుకోలేదు. ముఖ్యంగా మగర్, గురుంగ్, తర్వాత రాయి, లింబూ తెగలవాళ్ళు. ఒక రెజిమెంటుకి ఛెత్రీ, ఠకురీ కులాలవాళ్ళు. 1947లో ఉన్న పది రెజిమెంట్లలో ఆరు భారత్‌కి, నాలుగు బ్రిటన్‌కి వెళ్ళాయి. తర్వాత మనవాళ్ళు 11వ గోర్ఖా రైఫిల్స్‌ని లేపారు, అందుకే ఇప్పుడు మన సైన్యంలో ఏడు గోర్ఖా రెజిమెంట్లున్నాయి. 2022లో నాలుగేళ్ళకి సిపాయిల్ని చేర్చుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక నేపాల్ నుంచి చేరికలు ఆగిపోయాయి.

పటాలం నుంచి రిటైరైనవాళ్ళని బ్యాంకులు, మిల్లులు, బంగళాలు కాపలాకి పెట్టుకున్నాయి. అక్కణ్ణుంచి కాపలావాడే గూర్ఖా అయ్యాడు, తర్వాత నేపాల్ నుంచి వచ్చిన ప్రతివాడూ గూర్ఖా అయిపోయాడు. "బహదూర్" సంగతీ అంతే. అది బిరుదులాంటి మధ్యపేరు, రామ్ బహదూర్ థాపా, మాన్ బహదూర్ బొహరా అని ఉంటుంది. అసలు పేరు ముందున్నది, కులమో వంశమో వెనకున్నది. మధ్యముక్క పట్టుకుని పిలవడమంటే మన వెంకట సుబ్బారావుని అసలు పేరుతో కాక, ఊళ్ళో ఉన్న రావులందరినీ "రావూ" అని పిలవడం. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షాని శామ్ బహదూర్ అన్నది గోర్ఖా సిపాయిలు ప్రేమతో పెట్టుకున్న పేరు. ఆయన 8వ గోర్ఖా రైఫిల్స్ మనిషి.

ఒక జాగ్రత్త. డార్జిలింగ్, సిక్కిం, డెహ్రాడూన్, అస్సాంలలో తరతరాలుగా ఉన్న నేపాలీ మాతృభాషవాళ్ళు "మేం గోర్ఖాలం" అని గర్వంగా చెప్పుకుంటారు. వాళ్ళు భారతీయులు. 2011 జనగణనలో మన దేశంలో నేపాలీ మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 29 లక్షల పైచిలుకు, ఆ భాష 1992 నుంచి మన ఎనిమిదో షెడ్యూల్లో ఉంది. వాళ్ళని "మీ దేశం నేపాలే కదా" అనడం చాలా నొప్పించే మాట. అక్కడ గోర్ఖా అన్న మాటే మర్యాద, అఛామ్ మనిషికి నేపాలీ అన్న మాట మర్యాద. సందేహంగా ఉంటే "మీ ఊరేది?" అని అడిగితే సరిపోతుంది.

ఇక మొహాల సంగతి. నేపాల్ అంటే మంచుకొండలు, చిన్నకళ్ళ మనుషులు అని మనకో బొమ్మ ముద్రపడిపోయింది. దేశం 1,47,516 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కన్నా పెద్దది, ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త చిన్నది. 2021 జనగణన ప్రకారం జనాభా 2.91 కోట్లు. అందులో 53.6 శాతం మంది ఉండేది దక్షిణాన తరాయి మైదానంలో. ఎండాకాలం అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, వరి, చెరకు, మామిడితోటలు, ఎడ్లబళ్ళు. నడిమి కొండల్లో 40.3 శాతం. హిమాలయ జిల్లాల్లో ఉండేది ఆరు శాతమే.

ఆ జనగణనే 142 కులాలు, జాతులనీ, 124 మాతృభాషలనీ లెక్కపెట్టింది. అన్నిటికన్నా పెద్ద వర్గం ఛెత్రీలు, వాళ్ళే 16.45 శాతం. కొండ బ్రాహ్మణులు (బాహున్ అంటారు) 11.29, మగర్లు 6.9, థారూలు 6.2, తామాంగ్‌లు 5.6. నేపాలీ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా సగంలోపే, 44.86 శాతం. మైథిలీ 11, భోజ్‌పురీ 6 శాతం పైన. అంటే ఏ ఒక్క వర్గమూ దేశానికి మొహం కాలేదు.

ఇంటిపేరు వింటే చాలావరకు మనిషి ఎవరో తెలుస్తుంది. అధికారీ, కొయిరాలా, భట్టరాయి, దహాల్, ఓలీ అంటే బాహున్. ఖడ్కా, బస్నేత్, కార్కీ, బిష్ట, బొహరా, కుంవర్ అంటే ఎక్కువగా ఛెత్రీ. షాహ్, చంద్, మల్ల అంటే ఠకురీ. ఈ మూడు వర్గాలనీ కలిపి ఖస్ ఆర్యులంటారు, మొహాలు ఉత్తరాఖండ్‌లోని కుమాఊఁ, గఢ్వాల్ వాళ్ళలాగే ఉంటాయి. మీ వాచ్‌మన్ బహుశా వీళ్ళలోనో, విశ్వకర్మ, పరియార్, నేపాలీ అని ఇంటిపేరున్న కొండ దళితుల్లోనో ఒకరై ఉంటాడు. పున్, ఆలే, రాణా అంటే మగర్. ఘలే అంటే గురుంగ్. లామా అని రాసుకుంటే చాలాసార్లు తామాంగ్. శ్రేష్ఠ, శాక్య, వజ్రాచార్య, మహర్జన్, తులాధర్ అంటే కాఠ్మాండూ లోయ మూలవాసులైన నేవార్లు. వాళ్ళలో హిందువులూ ఉన్నారు, బౌద్ధులూ ఉన్నారు, ఒకే ఇంట్లో రెండూ నడుస్తాయి. తరాయిలో చౌధరీ అంటే తరచు థారూ. యాదవ్, ఝా, మండల్ అంటే మధేశీ, వాళ్ళ చుట్టరికాలు సరిహద్దుకి ఇవతల బీహార్లో ఉంటాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. థాపా అన్న పేరు ఛెత్రీల్లోనూ ఉంది, మగర్లలోనూ ఉంది, ఘర్తీ, బుఢా కూడా అలాంటివే. రాణా అంటే మగర్ కావచ్చు, 1846 నుంచి 1951దాకా దేశాన్ని ఏలిన ప్రధానమంత్రుల వంశమూ కావచ్చు. అందుకని ఇంటిపేరు చూసి కులం ఖాయం చేసేయకండి. కులం అక్కడ తేలికైన విషయం కాదు. 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం దేశంలోని ప్రతి వర్గాన్నీ, గిరిజనుల్నీ ముస్లింలనీ సహా, జంధ్యం వేసుకునేవాళ్ళు మొదలుకుని అంటరానివాళ్ళదాకా మెట్లుగా పేర్చింది. ఒకే తప్పుకి మెట్టుని బట్టి శిక్ష మారేది. 1963లో కొత్త చట్టం వచ్చి దాన్ని కొట్టేసినా దాని నీడ ఊళ్ళలో పూర్తిగా పోలేదు. పడమటి కొండల దళిత కుటుంబాలు ఊరొదిలి ఇంత దూరం రావడానికి భూమి లేకపోవడంతోపాటు ఇదీ ఒక కారణం.

షెర్పా అన్నది కూడా ఇలాగే చెదిరిపోయిన మాట. కొండెక్కేవాళ్ళకి సామాను మోసేవాణ్ణి షెర్పా అంటున్నారు గానీ అది తూర్పు హిమాలయంలో ఒక జాతి, లక్షా ముప్పై వేల మంది ఉంటారు. వాళ్ళలో చాలామందికి పుట్టిన వారమే పేరు: ఆదివారం నిమా, సోమవారం దావా, మంగళవారం మింగ్మా, బుధవారం ల్హాక్పా, గురువారం ఫుర్బా, శుక్రవారం పసాంగ్, శనివారం పెంబా. ఎవరెస్ట్ వార్తల్లో ఇవే పేర్లు మళ్ళీమళ్ళీ కనిపించేది అందుకే, అది ఒకే మనిషి కాదు.

తెలుగువాళ్ళకి తెలియని మాట ఒకటుంది. తూర్పు తరాయిలో, సున్సరీ చుట్టుపక్కల, ఝాంగడ్ లేదా ఉరాంవ్ అనే రైతుకూలీలున్నారు. వాళ్ళు మాట్లాడే కుఁడుఖ్ ద్రావిడ భాష, అంటే మన తెలుగుకి దూరపు చుట్టం. హిమాలయం కింద అలాంటి భాష వినబడుతుందని ఎవరూ అనుకోరు.

దసరా సెలవు విషయానికొస్తాను. హైదరాబాద్, బెంగళూరు, ముంబైల్లో కాపలాపనికి, వంటపనికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సుదూర్‌పశ్చిమ్, కర్ణాలీ ప్రాంతాలవాళ్ళు: అఛామ్, బఝాంగ్, బాజురా, డోటీ, దైలేఖ్. వాళ్ళకి కాఠ్మాండూ దూరం, ఢిల్లీ దగ్గర. దారి ఎలా ఉంటుందో చూడండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైలు. అక్కణ్ణుంచి రాత్రంతా బస్సులో ఉత్తరాఖండ్ బన్‌బసా. మహాకాళీ నది బ్యారేజీ దాటితే అవతల మహేంద్రనగర్. ఆ పైన కొండదారిలో మరో రోజు బస్సో జీపో, ఆఖర్న కొంత నడక. వెళ్ళడానికే మూడు నాలుగు రోజులు, రావడానికి అంతే. గౌరీఫంటా మీదుగా ధన్‌గఢీ వెళ్ళేవాళ్ళకీ, రుపైడిహా మీదుగా నేపాల్‌గంజ్ వెళ్ళేవాళ్ళకీ లెక్క ఇంచుమించు ఇదే.

వెళ్ళాక పండగ పదిహేను రోజులు. దశైం అంటారు. మన శరన్నవరాత్రులు మొదలయ్యే ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడే వాళ్ళకి ఘటస్థాపన. ఆ రోజు ఇసక కలిపిన మట్టిలో యవలు చల్లి చీకటి గదిలో పెడతారు. వెలుతురు తగలదు కాబట్టి మొలకలు ఆకుపచ్చగా కాక లేత పసుపురంగులో, జానెడు పొడుగు లేస్తాయి. దాన్ని జమరా అంటారు. మన పెళ్ళిళ్ళలో పాలికలు గుర్తొస్తాయి. దశమినాడు బియ్యం, పెరుగు, సిందూరం కలిపిన ముద్దని పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ నుదుటిమీద పెద్దగా అద్ది, ఆ జమరా చెవి వెనక పెట్టి, దీవించి, చేతిలో డబ్బు పెడతారు. అదే టీకా. ఇది ఫోన్లో అయ్యే పని కాదు, పెద్దలు ఉన్నచోటికి పోవాలి. తల్లిదండ్రులు, మేనమామ, అత్తవారు, ఆ ఊళ్ళు తిరగడానికి పున్నమిదాకా ఐదు రోజులూ టీకా నడుస్తూనే ఉంటుంది. కొన్ని మగర్ కుటుంబాల్లో సిందూరం లేని తెల్ల టీకా. ఇంట్లో ఏడాది లోపల చావు జరిగితే బర్ఖీ అంటారు, ఆ ఏడు టీకా ఉండదు, మన ఏటి సూతకంలాగే. అలాంటి ఏడు దశైం శుభాకాంక్షలు చెప్పబోయే ముందు కనుక్కోండి.

పున్నమి అయ్యాక పన్నెండు పదమూడు రోజులకే తిహార్, మన దీపావళి, ఐదు రోజులు. మొదటిరోజు కాకులకి, రెండోరోజు కుక్కలకి దండలేసి పెడతారు, తర్వాత ఆవు, లక్ష్మి, ఆఖర్న భాయిటీకా. ఇది మన భగినీహస్తభోజనం రోజే, యమద్వితీయ. అక్కచెల్లెళ్ళు సోదరులకి రంగురంగుల టీకా పెట్టి, ఎండినా వాడని మఖమలీ పూల దండ వేస్తారు. దశైంకి ఊరెళ్ళినవాడు తిహార్ వదులుకుని వెనక్కి రావాలంటే మనసొప్పదు. ఈలోగా వరికోతలు కూడా మొదలవుతాయి, ఇంట్లో మగదిక్కు లేకపోతే కూలీలు దొరకరు. అందుకే నెల. అసోసియేషన్ వాళ్ళు చేయగలిగింది ఒకటే: పాడ్యమి తేదీ పంచాంగంలో ఏడాది ముందే తెలుస్తుంది, బదిలీ మనిషిని అప్పుడే చూసుకోండి. తరచు ఆయనే తన ఊరివాణ్ణి పెట్టి వెళ్తాడు. నేపాల్ కార్మిక చట్టం ప్రకారం అక్కడి ఉద్యోగికి పండగ ఖర్చు కింద ఒక నెల మూలవేతనం ఇవ్వాలి. ఇక్కడ ఆ చట్టం వర్తించదు గానీ, "దశైం ఖర్చు" అని ఆయన అడిగితే అది కొత్తగా పుట్టించిన మాట కాదని తెలియాలి.

అన్ని ఇళ్ళలో పెద్దపండగ ఇదే అనుకోవద్దు. తరాయిలో సూర్యుడికి చేసే ఛఠ్, థారూలకి మన సంక్రాంతి రోజునే వచ్చే మాఘీ, గురుంగ్, తామాంగ్, షెర్పాలకి వేరువేరు రోజుల్లో కొత్త సంవత్సరం పండగ ల్హోసార్, ముస్లింలకి ఈద్.

పిలుపు గురించి. మీకన్నా పెద్దవాడైతే "దాయి", చిన్నవాడైతే "భాయి". ఆడవాళ్ళని "దీదీ", చిన్నదైతే "బైనీ". దాయి భార్య "భావుజు", అంటే వదిన. నేపాలీలో మన నువ్వు, మీరు లాంటి తేడా ఇంకా సూక్ష్మం: "తఁ" మరీ చనువు లేదా చులకన, "తిమీ" నువ్వు, "తపాయీఁ" మీరు. హిందీలో "తూ" అని పిలిస్తే ఆయనకి తగిలేది ఆ మొదటి మాట. పలకరింపు మాత్రం మనదే అనుకోండి: "ఖానా ఖాను భయో?" అంటే భోజనమైందా అని. అఛామ్‌వాళ్ళు ఇంట్లో మాట్లాడేది నేపాలీ కన్నా తేడాగా ఉండే అఛామీ. కాఠ్మాండూ మనిషికి కూడా అది ఒక పట్టాన అందదు.

ఇప్పుడు కాగితాలు. నేపాల్ అధికారిక క్యాలెండరు విక్రమ సంవత్, ఏప్రిల్ మధ్యలో బైశాఖ్‌తో మొదలవుతుంది. నెలకి 29 నుంచి 32 రోజులు ఉంటాయి, ఏటేటా మారతాయి. మార్చే లెక్క ఇది: బైశాఖ్ నుంచి పూస్ సగందాకా అయితే 57 తీసేయండి, పూస్ రెండో సగం నుంచి చైత్‌దాకా 56 తీసేయండి. 2070 భదౌ అంటే 2013 ఆగస్టు-సెప్టెంబరు. 2070 మాఘ్ అంటే 2014 జనవరి-ఫిబ్రవరి. ఇది సంవత్సరానికే. తేదీ కావాలంటే నేపాలీ పంచాంగమో మార్పిడి యాప్‌నో చూడాల్సిందే, ఊహించి రాయొద్దు. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి: బడి దరఖాస్తులో ఎవరో నెల పేరు చూసి "మాఘ్ అంటే మాఘమాసం" అని తిథులు లెక్కేస్తారు. వాళ్ళవి సౌరమాసాలు, మనవి చాంద్రమానం, రోజులు కలవవు. ఒక కాగితంలో ఒక తేదీ, ఇంకోదాంట్లో ఇంకో తేదీ పడితే ఆ పిల్లాడు పదో తరగతిదాకా దాంతోనే తిరుగుతాడు.

పెద్దవాళ్ళకి ఉండే ముఖ్యమైన గుర్తింపు "నాగరికతా". మనకి నాగరికత అంటే వేరే అర్థం, వాళ్ళకది పౌరసత్వ పత్రం, 16 ఏళ్ళు నిండాక జిల్లా కార్యాలయం ఇస్తుంది. పనిలో పెట్టుకునేటప్పుడు చూడవలసింది దాన్ని, నకలు తీసుకుని అసలు వెంటనే తిరిగిచ్చేయండి. ఆయన ఇక్కడ ఉండడం అక్రమం ఏమీ కాదు. 1950 జూలై 31న కుదిరిన భారత్-నేపాల్ మైత్రీ ఒప్పందం ఏడో అధికరణం కింద రెండు దేశాలవాళ్ళూ అవతలిచోట ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు, వీసా అక్కర్లేదు. ఓటుహక్కు మాత్రం రాదు. ఆధార్ ఉన్నంతమాత్రాన భారత పౌరుడైనట్టూ కాదు.

ఇంటికి డబ్బు పంపడానికి చాలామంది ఊరివాళ్ళ చేతికిచ్చి పంపుతారు, దారిలో పోవడం మామూలు. భారత్-నేపాల్ చెల్లింపుల కోసం రిజర్వు బ్యాంకు పెట్టిన పద్ధతి ఒకటుంది, బ్యాంకు ఖాతా నుంచి ఒక్కోసారి 2 లక్షల రూపాయలదాకా పంపొచ్చు. ఖాతా లేకుండా నగదు కడితే 50 వేలు, అదీ ఏడాదికి 12 సార్లే. ఖాతా తెరవడంలో తోడుంటే అదే పెద్ద సాయం. వంద రూపాయలు పంపితే అక్కడ 160 అవుతాయి, 1993 నుంచి ఆ మారకం అలాగే ఉంది.

తిండి గురించి కూడా అడిగారు కదా. రోజూ రెండుపూటలా పప్పు, అన్నం, కూర. కొండల్లో అన్నం బదులు ఢిఁడో. మరుగుతున్న నీళ్ళలో పిండి కొంచెంకొంచెంగా పోస్తూ చెక్కగరిటెతో ఆపకుండా కలిపి, గిన్నె అంచు వదిలేదాకా ఉడికిస్తారు, అంటే మన సంగటే. "కోదో" పిండి అంటే అరికెలనుకుని కొనకండి. నేపాలీలో కోదో అంటే రాగులు. దాంతోపాటు గుంద్రుక్ పులుసు. ఆవాకు, ముల్లంగాకు ఒకట్రెండు రోజులు వాడబెట్టి, నలిపి, కుండలో గాలి లేకుండా కూరి, వెచ్చగా వారం ఉంచితే పులుస్తుంది, అప్పుడు ఎండబెడతారు. కూరడంలో గాలి మిగిలితే బూజు పడుతుంది, సరిగ్గా ఎండకపోతే వాన రోజుల్లో పాడవుతుంది. పచ్చికూర దొరకని చలికాలానికి అది నిల్వ. మీకు రాగిసంగటి, పుల్లకూర అలవాటుంటే ఆ ఇంట్లో భోజనం కొత్తగా అనిపించదు.

చివర్లో ముక్తినాథ్ యాత్ర ఆలోచన ఉందన్నారు కాబట్టి: విమానంలో వెళ్తే పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ళవాళ్ళకి ఆధార్ చెల్లదు, చాలామంది విమానాశ్రయంలో ఆగిపోయేది దీనివల్లే. గుడి 3,700 మీటర్ల పైన ఉంది, పోఖరా నుంచి ఒక్కరోజులో ఎక్కేస్తే తలనొప్పి, వాంతులు ఖాయంగా కొందరికి వస్తాయి. దారిలో ఉన్న జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగండి, 108 ధారల కింద స్నానం చేసే ముందు ఊపిరి కుదుటపడిందో లేదో చూసుకోండి. గడియారం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకోండి. చిన్న నోట్లు, వందవి, దగ్గర పెట్టుకోండి.